పద్నాలుగో బోరులో తుడిచిన గుర్తు

మా పిన్ని పోయి నెల దాటింది. షెడ్డులో ఆవిడతో పనిచేసినవాళ్ళు గోడకి ఫొటో పెట్టారట, కింద నాలుగు మంచి మాటలు రాసివ్వమని నన్నడిగారు. బట్టలు కుట్టుకునేదాన్ని, నాకు రాయడం ఎక్కడ వచ్చు అన్నాను. వదల్లేదు. రాస్తాను గానీ, పిన్ని ఒక షరతు పెట్టి పోయింది. "నా గురించి ఎవరైనా అడిగితే చెప్పవే, తుడిచిన సంగతి కూడా చెప్పు. అది దాచిపెట్టి నన్ను మంచిదాన్ని చెయ్యకు," అంది. అందుకని ఇది నాలుగు మాటల్లో తేలే వ్యవహారం కాదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ముప్పై ఒక్క ఏళ్ళు బంగారం వెతికే కంపెనీ షెడ్డులో పనిచేసింది. బంగారం అనగానే కళ్ళు పెద్దవి చేసుకోకండి. ఆవిడ చేతుల మీదుగా మైళ్ళకొద్దీ రాయి వెళ్ళింది గానీ, కంటికి ఆనే బంగారం చూసింది మూడంటే మూడుసార్లు. అదీ ఆవగింజలో సగం. మెడలో ఉన్నదాన్ని కూడా పనికి వెళ్ళేటప్పుడు తీసి ఇంట్లో పెట్టేది, రాయి గీసుకుంటుందని.

ఆవిడ పని చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు, కాబట్టి ఓపిక పట్టండి. కొండవార రిగ్గు పెట్టి మగాళ్ళు భూమిలోకి ఏటవాలుగా బోరు వేస్తారు. నీళ్ళ బోరులోలాగా పిండి రాదు. మణికట్టంత లావున రాతి కడ్డీ, ముక్కలు ముక్కలుగా పైకొస్తుంది. వచ్చిన వరసలోనే రేకు పెట్టెల్లో పేర్చి షెడ్డుకి పంపుతారు. అక్కడ పిన్ని ఒక్కో ముక్కా కడిగి, ఇనుప కోణంలో పడుకోబెట్టి, ఈ ముక్క విరుపు ఆ ముక్క విరుపుకి సరిపోయేదాకా తిప్పి తిప్పి అతికేది. లోతు రాసేది. ఆ తర్వాత పొడుగునా ఎర్రరంగుతో ఒక గీత గీసేది.

ప్రాణమంతా ఆ గీతలోనే ఉంది. గొట్టంలోంచి పైకొచ్చేటప్పుడు కడ్డీ గింగిరాలు తిరుగుతుంది. భూమిలో ఉన్నప్పుడు దాని ఏ పక్క కిందికి ఉందో రాయి చెప్పదు కదా. అందుకని డ్రిల్లరు ఒక పరికరంతో కింది పక్క కనిపెట్టి, కడ్డీ చివర, విరిగిన మొహం మీద, పసుపు మైనపు పెన్సిలుతో చిన్న గుర్తు పెడతాడు. గుర్తుని పట్టుకుని షెడ్డులో గీత గీస్తారు. గీతని పట్టుకుని కంపెనీ సార్లు రాతిలో బంగారం దాగే తెల్ల చార ఎటు వాలుతోందో లెక్క కడతారు. గీత ఎదురు పక్కన పడిందా, తూర్పుకి వాలింది పడమరకి వాలినట్టు కనిపిస్తుంది. చొక్కా చెయ్యి తిరగేసి కుట్టినట్టే. కుట్టు ముచ్చటగానే ఉంటుంది, తొడుక్కుంటే తెలుస్తుంది.

విరిగిన రాయి అతకడంలో పిన్నికి సాటి లేరు. రస్కు పొడిలా నలిగి వచ్చినదాన్ని కూడా ఒళ్ళో పెట్టుకుని కూచుని పొద్దుపోయేలోగా కడ్డీ చేసి చూపించేది. షెడ్డులో అతుకులమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆవిడకి మహా గర్వం. కానీ షెడ్డుకో నియమం ఉంది, పిన్నే గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి పెట్టింది: అతకని చోట గీత గియ్యొద్దు. పూర్తిగా నలిగిపోయిన చోట గీత ఆపెయ్యాలి, ఖాళీ వదిలెయ్యాలి, దిగువన డ్రిల్లరు పెట్టిన తర్వాతి గుర్తు దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలి. పైనుంచి వచ్చిన గీతా కింది గుర్తూ కలవకపోతే పెద్ద సారుని పిలవాలి.

ఆ డ్రిల్లరు మా బాబాయి. పిన్ని మొగుడు. పెళ్ళయిన మరుసటేడు ఆయనే ఆవిడని షెడ్డులో చేర్పించాడు. పొట్టి మనిషి, మాట తక్కువ, పని మీద మాత్రం ఎక్కడలేని పట్టుదల. ఆయన గుర్తు అందరి గుర్తులా నిలువు గీత కాదు. చివర చిన్న కొక్కెంలాంటి తోక ఉండేది. తోకెందుకు బాబాయ్ అంటే, "దస్తకతు లేకుండా కాగితం చెల్లుతుందా?" అనేవాడు. జీవితంలో ఆయన పెట్టిన దస్తకతు అదొక్కటే, దాని కిందే ఆయన పరువంతా ఉండేది.

ఇక ఆ కొండ సంగతి. పెద్ద సారు అంటే ఆ క్యాంపులో రాళ్ళ చదువు చదివిన పెద్దాయన. షెడ్డు గోడకి ఒక పటం తగిలించి, దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి నల్లటి గీత గీసి పెట్టుకున్నాడు. పుస్తకాల్లో దాన్ని భ్రంశం అంటారట. షెడ్డులో అందరూ పెద్ద పగులు అనేవారు. రెండు వందల మైళ్ళ పొడుగు. లోతు అడిగితే, "మన బోరు దానికి సూదిపోటు. అది భూమి పైపెంకులో మైళ్ళ లోతుకి దిగిపోయింది," అనేవాడు. ఇవతల నల్ల రాయి, ఎప్పటిదో సముద్రం అడుగున పుట్టింది. అవతల బూడిదరంగు రాయి, దాని పుట్టుక వేరు. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేనివి, పగులు వెంట కోట్ల ఏళ్ళు జరిగి జరిగి పక్కపక్కన చేరాయి.

"అడుగున మరిగే నీళ్ళు ఆ పగులు పట్టుకుని పైకొచ్చాయమ్మా. ఉప్పు కరిగినట్టు వాటిలో బంగారం కరిగి ఉంది," అని సారు చెబితే పిన్ని ఊరుకుంటుందా?

"అయితే పెద్ద పగుల్లోనే తవ్వొచ్చుగా సార్, ఈ తిప్పలన్నీ ఎందుకు?" అందట.

"నడిరోడ్డు మీద ఎవరైనా కాపురం పెడతారా? రోడ్డు పోవడానికే. పక్క సందులోకి తిరిగాకే మనిషి మూట దించుతాడు. బంగారమూ అంతే. పెద్ద పగులు పక్కన చిన్న పగుళ్ళుంటాయి. నీళ్ళు అటు తిరగ్గానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, మోసుకొచ్చింది అక్కడ వదిలేస్తాయి. ఆ సందు తూర్పుకి తిరిగిందా, పడమరకి తిరిగిందా, అంతే మనం వెతికేది."

ఆ ప్రశ్నకి జవాబు పద్నాలుగో బోరులో వచ్చింది. ఆ జవాబుని మా పిన్ని తుడిచేసింది.

ఎందుకు తుడిచిందంటే, ఆ బోరు పెట్టెలు రావడానికి నాలుగు రోజుల ముందు రిగ్గు దగ్గర అందరూ కూచుని భోజనాలు చేస్తుంటే, లోతు రాసిన చోట ఏదో తేడా గురించి మాటొచ్చింది. బాబాయి పదిమందిలో, "షెడ్డులో నీడపట్టున కూచుని రంగులేసేవాళ్ళకి బోరు సంగతి ఏం తెలుస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కావాలని అన్నాడని నేననుకోను. కానీ పిన్నికి అది కాలిన చోట వాత పెట్టినట్టయింది. ఇద్దరికీ మాటల్లేవు. కంచం ముందు పెట్టడం, మంచినీళ్ళు టక్కున పెట్టడం, అంతే సంసారం.

ఐదో రోజు పద్నాలుగో బోరు పెట్టెలొచ్చాయి. అందులోనే పెద్ద పగులు తగిలింది. మూడు మీటర్ల మేర రాయి నలిగి నుజ్జు. నియమం ప్రకారం గీత అక్కడ ఆగాలి. పిన్ని ఆపలేదు. రెండు రోజులు కూచుని ఆ నుజ్జులోని ముక్కల్ని ఒక్కొక్కటే అతికి, పైనుంచి గీతని కిందికి దింపుకుంటూ వచ్చింది. చివరి ముక్క తిప్పి చూస్తే బాబాయి పెట్టిన పసుపు గుర్తు, తోకతో సహా, సరిగ్గా ఎదురు పక్కన ఉంది. ఆ రోజుల్లో గుర్తు ప్రతి గొట్టానికీ పెట్టేవారు కాదు. ఆ బోరులో పగులు దిగువన ఉన్న గుర్తు అదొక్కటే.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా ఎవరికైనా. పెద్ద సారుని పిలవలేదు. "రంగులేసేదానికి ఏం తెలుసో చూడు," అనుకుని, కిరోసిన్ గుడ్డ తీసుకుని గుర్తుని రుద్దేసింది. రుద్ది తన గీతని చివరిదాకా లాగింది. గీత పడ్డాక గుర్తు ఉందో లేదో ఎవరూ చూడరు. ఇది నాకు ఆవిడే చెప్పింది, ఇన్నేళ్ళ తర్వాత, ఆ గుడ్డ ఏ రంగుదో కూడా చెప్పింది.

లెక్క పడమర అని వచ్చింది. పడమర వైపు ఏడు బోర్లు వేశారు. ఏడింట్లోనూ ఒట్టి నల్ల రాయి. సంచుల నిండా నమూనాలు, ఫలితాల్లో సున్నాలు. పైవాళ్ళు విచారణకి మనిషిని పంపారు. షెడ్డులోనే బల్ల వేసుకుని కూచుని ఆయన పెద్ద సారుని అడిగాడు, బాబాయిని అడిగాడు. బాబాయి, "నా గుర్తు సరిగ్గానే పెట్టాను సార్," అన్నాడు, ఒకటే మాట. ఆ తర్వాత పిన్నిని పిలిచారు.

"అమ్మా, పగులు దిగువన గీత డ్రిల్లరు గుర్తు మీదే గీశావా?"

"అవును సార్," అంది పిన్ని.

రెండే రెండు మాటలు. అప్పటికీ తన అతుకే సరైనదని ఆవిడ నమ్మకం. కానీ తుడిచానని ఎలా చెబుతుంది? చెబితే ఉద్యోగం పోతుంది, అంతకంటే ముందు అతుకులమ్మ అన్న పేరు పోతుంది. బాబాయి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆవిడ వైపు చూసి, తల ఊపాడట. నా పెళ్ళాం అబద్ధమాడదు, తప్పు నాలోనే ఉండి ఉంటుంది అన్నట్టు.

ఆ ఒక్కరోజు నిజం చెప్పి ఉంటే తూర్పు వైపు ఒక్క బోరైనా వేసి చూసేవారు. చెప్పలేదు. గుర్తు తప్పని, ఆ బోరుని లెక్కలోంచే తీసేశారు, అప్పటికి పైవాళ్ళకి ఓపికా డబ్బూ అయిపోయి రిగ్గులు విప్పుకుని పోయారు. నలభై మందికి పని పోయింది. బాబాయికి పనితోపాటు పేరు పోయింది. ఎక్కడ రిగ్గు లేచినా, "ఓ, ఆ తలకిందుల గుర్తాయనా?" అనేవారు. ఆయన మళ్ళీ బోరు ముట్టుకోలేదు. ఊళ్ళో నీళ్ళ పంపులు బాగుచేసుకుంటూ బతికాడు.

వింత ఏమిటంటే, పిన్ని ఉద్యోగం మాత్రం నిలిచింది. బోర్లలో తీసిన రాయి పారెయ్యకూడదు, ఎప్పటికైనా ఎవరైనా చూస్తారని పెట్టెల్ని షెడ్డులోనే ఉంచి, కాపలాకి ఆవిడని పెట్టారు. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం అంటే ఇదే అని, తర్వాతెప్పుడో నిజం తెలిశాక, నేనోసారి మొహం మీదే అన్నాను.

విచారణ మర్నాడే ఆవిడకి నిజం తెలిసింది. మనసు పీకి, ఖాళీ షెడ్డులో ఆ పెట్టె దించి, నుజ్జులోని ముక్కల్ని మళ్ళీ మొదటినుంచీ అతికి చూసింది. నడుమ అరచేతంత ముక్క ఒకటి తలకిందులుగా పెట్టి ఉంది. రెండు కొసలూ దాదాపు ఒకేలా విరిగాయి, రెండువైపులా అతుకుతోంది. దాన్ని తిరగేసి పెడితే, కింద గీత తుడిచిన గుర్తు దగ్గరికే వెళ్ళి ఆగింది.

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మా అమ్మ దాచమని చెప్పిన ప్రతి సంగతీ వీధంతా చాటింది. ఈ ఒక్కటీ పన్నెండేళ్ళు దాచింది. మొదట్లో రేపు చెబుదామనుకుందట. ఆ తర్వాత ఆయన కోపం చల్లారాక చెబుదామనుకుంది, ఆయనకి కోపమే రాలేదు. కోపం వచ్చి ఉంటే చెప్పేసేదాన్నే అనేది.

కోపానికి బదులు ఆయనకి ఇంకోటి పట్టుకుంది. వంటింట్లో రొట్టెలు ఒత్తే కర్ర ఉంటుంది కదా, దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చుకుని, సుద్దముక్కతో దాని మీద గుర్తు పెట్టి, ఏటవాలుగా పట్టుకుని, మెల్లగా తిప్పేవాడు. పరికరం ఇలా దిగింది, కడ్డీ ఇలా విరిగింది, నేను ఇటు నిలబడ్డాను, పెన్సిలు ఈ చేతిలో ఉంది. ఎక్కడ తప్పానా అని. మళ్ళీ చెరిపి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తిప్పేవాడు. మా కుట్టు దుకాణం రెండు వీధుల అవతలే కాబట్టి వారంలో మూడు రోజులు నేనక్కడే. వెళ్ళినప్పుడల్లా అదే దృశ్యం. "ఒక్కసారి కూడా తప్పు దొరకట్లేదే అమ్మాయ్, మరి ఎలా తప్పింది?" అనేవాడు నాతో. రొట్టెలు చేసే వేళకి పిన్ని వచ్చి ఆ కర్ర అడిగి తీసుకుని, సుద్ద కడిగి, రొట్టెలు ఒత్తి, మళ్ళీ తెచ్చి ఆయన చేతికిచ్చేది. పన్నెండేళ్ళు. నాకప్పుడు తెలీదు. తెలిసుంటే ఏం చేసేదాన్నో, ఏమో, ఆవిడ జుట్టు పట్టుకునేదాన్నేమో.

ఆఖరికి బాబాయికి ఊపిరి కరువైంది. రిగ్గు దగ్గర పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందన్నారు. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు వచ్చింది. ఇంకెన్నాళ్ళని అడిగితే డాక్టరు వారాల్లోనే చెప్పాడు. సుద్ద గియ్యడానికి చెయ్యి వణికేది, అయినా కర్ర ఒళ్ళోనే ఉండేది. దుకాణం మూసి నేను పగలంతా వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. పిన్ని రోజూ ఏదో చెప్పబోయినట్టు మంచం పక్కన నిలబడి, దుప్పటి సర్ది వెళ్ళిపోయేది.

సరిగ్గా అప్పుడే షెడ్డుకి కొత్త కంపెనీ వచ్చింది. ఒక చిన్న మేడం, పాతికేళ్ళుంటాయేమో, పాత పెట్టెలన్నీ దింపించి మొదటినుంచీ చూడటం మొదలుపెట్టింది. పెద్ద సారు పటం కూడా దుమ్ము దులిపి మళ్ళీ తగిలించింది. పద్నాలుగో బోరు వంతు వచ్చిన రోజు పిన్ని నీళ్ళ గొట్టం పట్టుకుని పక్కనే ఉంది. మామూలుగా అందరూ రాయిని పక్కలే తడిపి చూస్తారు. ఈ అమ్మాయి చివరి ముక్కని చేతిలోకి తీసుకుని విరిగిన మొహాన్ని కూడా తడిపింది. తడిసి రాయి నల్లబడింది. ఒక్కచోట మాత్రం నీళ్ళు నిలవలేదు. రంగు పోయినా మైనం రాతి రంధ్రాల్లో ఉండిపోయింది కదా. ఆ నల్లటి తడి మధ్య పొడిగా, సన్నగా ఒక గీత, చివర తోక.

"ఆంటీ, ఇక్కడ గుర్తు ఉండేది. ఎవరో తుడిచారు," అంది మేడం. అక్కడే కాగితం తీసి లెక్క వేసింది. "డ్రిల్లరు కరెక్టు. గీతే తప్పు. చార తూర్పుకి వాలుతోంది, సందు తూర్పునే ఉంది. వీళ్ళు అటు ఒక్క బోరు వేసి ఉంటే... ఇంతకీ ఆ డ్రిల్లరు ఎవరండీ?"

పిన్ని గొట్టం కట్టేసింది. ఇన్నేళ్ళలో షెడ్డులోంచి గులకరాయి కూడా బయటికి తేని మనిషి, మేడం టీకి వెళ్ళగానే ఆ ముక్కని అన్నం డబ్బా సంచిలో వేసుకుని మధ్యాహ్నం ఎండలో ఇంటికి నడిచొచ్చింది.

నేను బాబాయికి పాలు పట్టిస్తున్నాను. "ఇదేంటే, ఈ వేళప్పుడు?" అన్నాడాయన. పిన్ని చెప్పులు కూడా విప్పలేదు. వంటింట్లోంచి లోతు పళ్ళెంలో నీళ్ళు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టి, సంచిలోంచి రాయి తీసి ముంచి, కిటికీ వెలుతురుకి పట్టుకుంది.

"చూడండి," అంది.

ఆయన కళ్ళద్దాలు అడిగాడు. పెట్టాను. చాలాసేపు చూశాడు. వేలితో ఆ తోకని తడిమాడు.

"ఇది నాది," అన్నాడు. రాయిని తిప్పాడు. "గీత ఇటుంది. గుర్తు అటుంది." ఇంకోసారి తిప్పాడు. ఒక్కసారిగా నవ్వాడు. ఆ నవ్వు నేను విని ఎన్నేళ్ళయిందో. నవ్వుతూనే దగ్గు, దగ్గుతూనే నవ్వు. "నేను చెప్పలా? అమ్మాయ్, నేను చెప్పలా? నా గుర్తు సరిగ్గానే ఉంది! ఉందిగా?"

"ఉంది బాబాయ్," అన్నాను. నాకేమీ అర్థం కాకపోయినా ఏడుపొచ్చేసింది.

నీళ్ళు ఆరి గుర్తు మాయమైంది. ఆయన మళ్ళీ ముంచాడు. మళ్ళీ కనపడింది. అలా నాలుగైదుసార్లు, చిన్నపిల్లాడిలా. ఆ తర్వాత చెయ్యి ఆగింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎవరు తుడిచారు?"

"నేనే," అంది పిన్ని.

ఆయన రాయిని పళ్ళెంలోకి దించాడు.

"తప్పని ఎప్పుడు తెలిసింది?"

"విచారణ మర్నాడు."

"మర్నాడు," అన్నాడు బాబాయి. "అంటే పన్నెండేళ్ళు నన్ను ఈ కర్ర తిప్పనిచ్చావు."

పిన్ని నేల మీద కూలబడింది. కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. కోపంగా కాదు, అలసిపోయిన మనిషి పక్కకి జరిగినట్టు. ఒళ్ళోంచి కర్ర తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. దాని మీద ఆ పొద్దున గీసిన సుద్ద గీతలున్నాయి.

"ఇది వంటింట్లో పెట్టెయ్. ఇక నాకు దీంతో పని లేదు," అన్నాడు.

అదే ఆయన ఆవిడతో మాట్లాడిన ఆఖరి మాట. ఆ తర్వాత పందొమ్మిది రోజులు బతికాడు. పాత రిగ్గువాళ్ళు కబురు విని ఒక్కొక్కరే వచ్చారు. ప్రతివాడికీ పళ్ళెంలో నీళ్ళు తెప్పించి, రాయి ముంచి, తోక చూపించాడు. ఎవరు తుడిచారన్నా అని వాళ్ళడిగితే, "ఎవరో షెడ్డులో, తెలీక. పోనిద్దురూ," అనేవాడు. ఒక్కరికి కూడా పిన్ని పేరు చెప్పలేదు. పిన్ని ఆ మాటలు తలుపు పక్కన నిలబడి వినేది. మంచినీళ్ళు పిన్ని ఇస్తే పుచ్చుకోలేదు, నేనిస్తేనే తాగాడు. ఆవిడ గ్లాసు నింపి నా చేతికిచ్చేది, నేను ఆయనకిచ్చేదాన్ని. ఒకే గదిలో రెండడుగుల దూరం, ఆ రెండడుగులకీ నేనే మధ్య మనిషిని.

"క్షమించానని ఒక్క మాట చెప్పరాదా బాబాయ్?" అని ఒకరోజు బతిమాలాను.

"అబద్ధం చెప్పమంటావా?" అన్నాడు.

పోయిన రోజు పొద్దున రాయి ఛాతీ మీద పెట్టించుకుని, తడపమన్నాడు. తడి ఆరేలోగా వెళ్ళిపోయాడు. పిన్ని నన్ను పట్టుకుని ఏడుస్తూ, "సంతోషంగానే పోయాడే. నా మీద కోపంతో పోయాడు, కానీ సంతోషంగానే పోయాడు," అంది. ఆ మాటనే ఆరేళ్ళు అందరికీ చెప్పుకుంది.

రాయిని పిన్ని షెడ్డుకి తిరిగి తీసుకెళ్ళి మేడం ముందు పెట్టి అంతా ఒప్పుకుంది. పుస్తకంలో రాసుకోమంది. ఇప్పుడెందుకు ఆంటీ అంది మేడం. అయితే నేనే రాసుకుంటానని ఎర్రరంగు తీసుకుని పెట్టె మూత మీద రాసింది: ఈ గీత తప్పు, డ్రిల్లరు గుర్తు సరైనది, తుడిచింది నేను. కింద తన పేరు. ఆ మూత ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. నాలుగు నెలల తర్వాత తూర్పు వైపు వేసిన రెండో బోరులోనే సందు తగిలింది. తెల్ల చారలో ఆవగింజలో సగం పసుపు. ఆవిడ చూసిన మూడోసారి అదే. కొత్త బోర్లలో రాయి నలిగిన ప్రతి చోటా ఆవిడ గీత ఆపేసి ఖాళీ వదిలేది. అతకగలిగిన చోట్ల కూడా వదిలేస్తోందని మేడం ఒకటి రెండుసార్లు విసుక్కుంది కూడా.

ఒక సంగతి నాకు మొన్నే తెలిసింది. పిన్ని పోయాక ఇల్లు ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. వంటింట్లో ఖాళీ గాజుసీసా ఒకటి పిండి అంటుకుని ఉంది. సీసాతో ఒత్తుతావేంటి, చేతులు తెగుతాయి, కర్ర ఏమైంది అని ఆవిడ బతికుండగా ఎన్నిసార్లు అడిగానో. పురుగు పట్టింది, పారేశాననేది. పై అరలో, పాత మెత్తటి చీరలో చుట్టి, ఆ కర్ర ఉంది. బాబాయి ఆఖరిసారి గీసిన సుద్ద గీతలు, తోక గుర్తుతో సహా, అలాగే ఉన్నాయి. అప్పటిదాకా గిన్నెలు తోముతున్నాను, నా చేతులు తడిగా ఉన్నాయి. కొంగుకి బాగా తుడుచుకుని, పూర్తిగా ఆరాక, అప్పుడు ముట్టుకున్నాను.